షోలు, సినిమాలు చూస్తూ పరభాష మాటలు నేర్చుకోవడం: అడుగడుగునా ఒక మార్గదర్శి

పదహారు ఎపిసోడ్ల కొరియన్ సిరీస్‌ని రెండు వారాంతాల్లో చూసేసి, చివరికి ఓ నాలుగైదు పలకరింపులు తప్ప ఏమీ గుర్తులేనివాళ్లు కోకొల్లలు. అదే సిరీస్‌లో మూడు ఎపిసోడ్లు మాత్రమే చూసి, అందులోని మాటలతో సొంతంగా వాక్యాలు కట్టగలిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి తెలివితేటల్లో తేడా ఏమీ ఉండదు. మొదటివాళ్లు కథ వెంట పరిగెత్తారు, రెండోవాళ్లు విన్న మాట దగ్గరికే మళ్లీ మళ్లీ వచ్చారు. ఈ వ్యాసమంతా ఆ రెండో పద్ధతి గురించే.

కొత్త మాట ఒక్కసారి చెవిన పడితే నిలవదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. షో చూస్తూ ‘ఆహా, ఈ మాట తెలిసిపోయింది’ అనుకున్న క్షణం నుంచే అది జారిపోవడం మొదలవుతుంది. కాబట్టి చూడటం సగం పని, తిరిగి రావడం మిగతా సగం. ఆ రెండో సగానికి ముందే చోటు పెట్టుకోకపోతే ఎన్ని గంటలు చూసినా వినోదమే మిగులుతుంది. వినోదం కోసం చూడటంలో తప్పేమీ లేదు, దాన్ని చదువు లెక్కలో వేసుకోకుండా ఉంటే చాలు.

మొదటి అడుగు: మీరు ఎక్కడున్నారో చూసుకోండి

స్టువర్ట్ వెబ్, మైఖేల్ రోజర్స్ అనే భాషా పరిశోధకులు 318 ఇంగ్లిష్ సినిమాల సంభాషణలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువగా వాడే మూడు వేల పద కుటుంబాలు తెలిసి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా పట్టుకోగలిగితే సినిమాలో వినబడే మాటల్లో దాదాపు 95 శాతం తెలిసినవే అవుతాయి. 98 శాతానికి చేరాలంటే ఆరు వేలు కావాలి. ఒక క్రియా, దాని రూపాలూ అన్నీ కలిపితే ఒక పద కుటుంబం. 95 శాతం అంటే ఇరవై మాటలకు ఒకటి తెలియదన్నమాట. చక్కగా నేర్చుకోవడానికి ఇంచుమించు అదే అనువైన చోటు. కథ అర్థమవుతూనే ఉంటుంది, కొత్త మాట విడిగా కనబడుతుంది.

మీ సంగతి తేల్చుకోవడానికి పరీక్షలు రాయనక్కర్లేదు. చూడాలనుకుంటున్న షోలో మామూలు సంభాషణ ఉన్న రెండు నిమిషాల ముక్క తీసుకుని, ఆ భాష సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ప్రతి వాక్యం దగ్గరా ఆపండి. వాక్యానికి ఒకటి మించి తెలియని మాటలు రావడం లేదంటే ఆ షో మీకు సరిపోతుంది. వాక్యంలో తెలిసిన మాట వెతుక్కోవాల్సి వస్తుంటే మాత్రం దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి.

ఏమీ రాని స్థితిలో సినిమాతో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను. ముందు అతి సామాన్యమైన ఓ వెయ్యి మాటలు, వాక్యం కట్టే తీరు ఏదో ఒక పాఠ్యపుస్తకం నుంచో, కోర్సు నుంచో పట్టుకోండి. ఆ వెయ్యి ఏవో తెలుసుకోవడానికి మంచి దారి ఉంది. మార్క్ బ్రిస్‌బార్ట్, బోరిస్ న్యూ అనే పరిశోధకులు 2009లో సినిమాలు, టీవీ షోల సబ్‌టైటిల్స్ నుంచి ఐదు కోట్లకు పైగా ఇంగ్లిష్ మాటలు పోగుచేసి, ఏ మాట ఎంత తరచుగా వస్తుందో జాబితా కట్టారు. సబ్‌టెలెక్స్ అనే ఈ జాబితాలు డచ్, చైనీస్, స్పానిష్, జర్మన్ లాంటి భాషలకూ వచ్చాయి. వార్తాపత్రికల నుంచి తీసిన జాబితాలో ‘ప్రభుత్వం’, ‘కమిటీ’ లాంటివి పైకి వస్తాయి. సబ్‌టైటిల్స్ నుంచి తీసిన దాంట్లో ‘రా’, ‘ఆగు’, ‘ఏమైంది’ లాంటివి పైన ఉంటాయి. షోలు చూడబోయేవాళ్లకు కావలసింది రెండోదే.

రెండో అడుగు: ఒక్క సిరీస్‌ని పట్టుకోండి

పది వేర్వేరు సినిమాలు చూడటం కన్నా ఒకే సిరీస్‌లో పది ఎపిసోడ్లు చూడటం మాటల విషయంలో ఎక్కువ లాభం. ఒకే సిరీస్‌లోని ఎపిసోడ్లలో కొత్త పద కుటుంబాలు తక్కువగా వస్తాయనీ, ఉన్నవే తిరిగి తిరిగి వస్తాయనీ రోజర్స్, వెబ్ 2011లో చూపించారు. కారణం తేలికగానే తెలుస్తుంది. ఆసుపత్రి కథలో ప్రతి ఎపిసోడ్‌లోనూ రోగి, నొప్పి, రక్తం, ఆపరేషన్ ఉంటాయి. ప్రతి పాత్రకూ ఊతపదాలుంటాయి. మొదటి రెండు మూడు ఎపిసోడ్లు ఉక్కిరిబిక్కిరి చేస్తాయి, నాలుగో దాని నుంచి గొంతులు, వేగం, మాటతీరు చెవికి అలవాటు పడతాయి. సరిగ్గా అప్పుడే చాలామంది విసుగొచ్చి ఇంకో షోకి మారి, ఆ కష్టాన్ని మళ్లీ మొదటి నుంచి పడతారు.

ఏ రకం షో? ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల మధ్య నడిచే కథలు అన్నిటికన్నా మేలు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల కామెడీ సిరీస్‌లు మొదటి ఏడాదికి చక్కగా సరిపోతాయి. నేర కథల్లోనూ, కోర్టు కథల్లోనూ ఆ రంగపు మాటలు ఎక్కువ, కానీ అవే తిరిగి వస్తాయి కాబట్టి ఆ రంగం మీద ఆసక్తి ఉంటే వాటినే పట్టుకోవచ్చు. రాజుల కాలం నాటి కథలు మాత్రం ఆఖరికి ఉంచండి. కొరియన్ చారిత్రక సిరీస్‌లో విన్న క్రియాంతాలతో ఇవాళ ఎవరూ మాట్లాడరు. రియాలిటీ షోల్లో అసలైన వాడుక భాష దొరుకుతుంది, కాకపోతే ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, వాక్యాలు మధ్యలో తెగిపోతాయి. అవి రెండో దశకు బాగుంటాయి.

పిల్లల కార్టూన్లు తేలికని ఒక నమ్మకం ఉంది. చాలావాటిలో గొంతులు కావాలని వింతగా మారుస్తారు, జంతువుల పేర్లు, మంత్రాలు, మాటల గారడీ ఎక్కువ. పెద్దవాళ్లు రోజూ మాట్లాడే మాటలు వాటిలో అనుకున్నంత దొరకవు. వాటికన్నా మీకు ముందే బాగా తెలిసిన సిరీస్‌ని నేర్చుకుంటున్న భాషలోకి డబ్ చేసి ఉంటే, దానితో మొదలుపెట్టండి. కథ తెలుసు కాబట్టి బుర్రంతా మాటల మీదే పెట్టొచ్చు. పైగా డబ్బింగ్ స్టూడియోలో జరుగుతుంది కనుక ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది.

ఒకే భాషకు చాలా దేశాలున్నప్పుడు ఒక్క దేశాన్ని ఎంచుకుని కొన్నాళ్లు దాన్నే అంటిపెట్టుకోండి. స్పెయిన్‌లో కారుని కోచె అంటారు, ఆర్జెంటీనాలో ఔతో, లాటిన్ అమెరికాలో ఇంకా చాలాచోట్ల కారో. స్నేహితుల గుంపుని ‘మీరంతా’ అని పిలిచేటప్పుడు స్పెయిన్‌లో వాడే వొసోత్రోస్ లాటిన్ అమెరికాలో దాదాపు వినబడదు. ఒకేసారి మూడు దేశాల షోలు చూస్తే ఒకే వస్తువుకు మూడు మాటలు కలగాపులగమవుతాయి.

మూడో అడుగు: సబ్‌టైటిల్స్ ఏ భాషలో?

ఈ విషయంలో 2009లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. హోల్గర్ మిట్టెరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు ఇంగ్లిష్ వచ్చిన డచ్ వాళ్లకు స్కాట్లాండ్ యాస, ఆస్ట్రేలియా యాస ఉన్న ఇంగ్లిష్ వీడియోలు చూపించారు. కొందరికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, కొందరికి డచ్ సబ్‌టైటిల్స్, కొందరికి అసలేమీ లేవు. ఆ తర్వాత అదే యాసలో కొత్త మాటలు వినిపిస్తే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చూసినవాళ్లు బాగా పట్టుకున్నారు. డచ్ సబ్‌టైటిల్స్ చూసినవాళ్లు సబ్‌టైటిల్సే లేనివాళ్ల కన్నా వెనకబడ్డారు. సొంత భాష అక్షరాలు తెర మీద ఉంటే కళ్లు వాటంతటవే చదివేస్తాయి, చెవి పని మానేస్తుంది.

మనలో చాలామంది కొరియన్, జపనీస్, స్పానిష్ షోలను ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తాం. ఆ రెండు గంటల్లో సాధన జరిగేది ఇంగ్లిష్ చదవడంలో. కాబట్టి నా సలహా ఇది: అనువాద సబ్‌టైటిల్స్‌ని కథ తెలుసుకోవడానికి ఒక్కసారి వాడి తీసేయండి. అసలు పని చేసేటప్పుడు వినబడుతున్న భాషే తెర మీద కూడా ఉండాలి. ఆఖరి విడతలో ఏ సబ్‌టైటిల్సూ వద్దు. రెండు భాషలనూ ఒకేసారి చూపించే లాంగ్వేజ్ రియాక్టర్ లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్‌ల మీద పనిచేస్తాయి, మాట మీద నొక్కితే అర్థం చూపిస్తాయి. వాటిలో కూడా అనువాదపు వరుసను మసకగానో, దాచిపెట్టో ఉంచుకుని, అవసరమైన చోట మాత్రమే తెరవండి.

ఇక్కడో చిక్కు ఉంది. డబ్ చేసిన షోల్లో వినబడే మాటా, అదే భాషలోని సబ్‌టైటిలూ తరచుగా వేరువేరుగా ఉంటాయి. డబ్బింగ్ అనువాదం పెదవుల కదలికకు సరిపోయేలా రాస్తారు, సబ్‌టైటిల్ అనువాదం తెర మీద పట్టేలా రాస్తారు. రెండూ వేరే చేతులు. నెట్‌ఫ్లిక్స్ సబ్‌టైటిల్ నియమాల్లో చాలా భాషలకు వరుసకు 42 అక్షరాలు, తెర మీద రెండు వరుసలు అనే హద్దు ఉంది, ఆ హద్దులో ఇమడటానికి మాటలు కుదిస్తారు. అందుకని వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం ఇచ్చే సీసీ సబ్‌టైటిల్స్ వెతకండి. తలుపు చప్పుడు, నవ్వు, సంగీతం లాంటివి కూడా రాసి ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అవి ఎక్కువగా విన్నది విన్నట్టు ఉంటాయి. షో మొదలుపెట్టేముందు ఒక నిమిషం విని, చదివి, రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకుంటే తర్వాత బోలెడు గందరగోళం తప్పుతుంది. చైనీస్ సిరీస్‌లతో ఈ ఇబ్బంది తక్కువ. వాటిలో చాలావాటికి చైనీస్ సబ్‌టైటిల్స్ వీడియోలోనే కలిపి ఉంటాయి.

కొత్త లిపి ఉన్న భాషైతే ముందు లిపి నేర్చుకోండి. కొరియన్ హంగుల్, రష్యన్ సిరిలిక్ రోజుల్లో పట్టుబడతాయి, జపనీస్ కన అనే అక్షరమాలలకు కొన్ని వారాలు పడుతుంది. మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకునే అలవాటు మొదటి వారంలోనే మానేయడం మంచిది. ఫ్రెంచ్ ముక్కు స్వరాలకు గానీ, కొరియన్‌లో మూడు రకాలుగా పలికే క, త, ప లకు గానీ మన లిపిలో సరైన జత లేదు. రాసుకున్నదాన్ని చదివి చదివి తప్పు ఉచ్చారణ గట్టిపడిపోతుంది.

నాలుగో అడుగు: ఒక సన్నివేశం, నాలుగు చూపులు

పద్ధతి అంతటికీ గుండెకాయ ఇదే. ఎపిసోడ్ మొత్తాన్ని ఇలా చూడాలని చూస్తే వారంలో అలిసిపోతారు. రెండు మూడు నిమిషాల సన్నివేశం ఒక్కటి తీసుకోండి. ఇద్దరు మనుషులు, స్పష్టమైన గొంతులు, వెనకాల పాట లేకుండా ఉంటే మరీ మంచిది.

మొదటి చూపు ఆపకుండా, సబ్‌టైటిల్స్ లేకుండా. ఎవరు, ఎక్కడ, ఏ మూడ్‌లో ఉన్నారు, ఏం కావాలంటున్నారు. ఇంతే పట్టుకోండి. ముఖాలు, చేతులు చాలా చెబుతాయి. మాట అర్థం కాకపోయినా ‘కోపంగా ఏదో వద్దంటోంది’ అని తెలిస్తే చాలు, తర్వాత ఆ మాట అర్థం అతుక్కోవడానికి చోటు సిద్ధమైనట్టే.

రెండో చూపు అదే భాష సబ్‌టైటిల్స్‌తో, వాక్యం వాక్యం ఆపుతూ. ఇక్కడ ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. స్పెయిన్ సిరీస్‌ల్లో ఇలాంటి మాటలు ఎక్కడైనా వినబడతాయి. ఒకామె హ్యాండ్‌బ్యాగ్ అంతా కిందామీదా చేస్తోంది, స్నేహితుడు వస్తాడు.

— కే తె పాసా?
— నో ఎన్‌క్వెంత్రో లాస్ యావెస్.
— ఆస్ మిరాదో ఎన్ ఎల్ కోచె?
— దా ఈగ్వాల్, దేహలో.

డిక్షనరీ తెరవకముందే బొమ్మ నుంచి ఎంత వస్తుందో చూడండి. బ్యాగులో వెతుకుతోంది, అతను అడిగింది ‘ఏమైంది నీకు’ అనే అయ్యుండాలి. రెండో వాక్యం ‘ఏదో దొరకట్లేదు’ అని. మూడోది ‘కారులో చూశావా’ అని అడగడం. ఆమె చివరికి విసుగ్గా చెయ్యి విదిలిస్తుంది, కాబట్టి నాలుగోది ‘పోనీలే, వదిలేయ్’ లాంటిది. ఇలా ఊహించిన తర్వాతే డిక్షనరీ తెరవండి. ఊహ తప్పినా నష్టం లేదు. ముందు బుర్ర ఒక ప్రశ్న వేసుకుంది కాబట్టి జవాబు గట్టిగా పడుతుంది.

ఇప్పుడు డిక్షనరీలో ఎన్‌క్వెంత్రో అని వెతికితే చాలావాటిలో క్రియగా నేరుగా దొరకదు. అది ఎన్‌కొంత్రార్ అనే క్రియ రూపం, ‘నేను’ దగ్గరకొచ్చేసరికి లోపలి ఒ కాస్తా వె అయింది. ఇలా మూలరూపం తెలుసుకోవడం ఒక చిన్న వ్యాకరణ పాఠమే. యావెస్ అంటే తాళంచెవులు, చేతి సైగతోనే తెలిసిపోతుంది. దా ఈగ్వాల్ సంగతి వేరు. విడివిడిగా చూస్తే ‘ఇస్తుంది’, ‘సమానం’ అని వస్తుంది, కలిపితే ‘ఏదైనా ఒకటే, పర్లేదు’ అని. దీన్ని విడదీయకూడదు, గుత్తగా నేర్చుకోవాలి. నాలుగు వాక్యాల్లో మూడు నాలుగు కొత్త మాటలు దొరికాయి, ప్రతిదానికీ ఒక మనిషీ, ఒక సందర్భమూ ఉన్నాయి.

మూడో చూపులో సబ్‌టైటిల్స్ అలాగే ఉంచి, ఇప్పుడు తెలిసిన మాటలు ఎలా పలికారో మాత్రం వినండి. రాతలో ఉన్నదానికీ నోట్లోంచి వచ్చేదానికీ ఎంతో దూరం ఉంటుంది. ఫ్రెంచ్‌లో ‘నాకు తెలీదు’ అనడానికి పుస్తకంలో నాలుగు మాటలుంటాయి, మాట్లాడేటప్పుడు అది దాదాపు ‘షె పా’ అయిపోతుంది. నాలుగు మాటలూ తెలిసినవాళ్లు కూడా దీన్ని పట్టుకోలేకపోతారు. ‘చదివితే తెలుస్తుంది గానీ వింటే తెలియడం లేదు’ అని బాధపడేవాళ్లకు తగ్గ అభ్యాసం ఈ మూడో చూపే. అవసరమైతే వేగం 0.75కి తగ్గించి ఒకటి రెండుసార్లు విని, వెంటనే మామూలు వేగానికి రండి. నెమ్మది వేగానికి అలవాటు పడకూడదు.

నాలుగో చూపు మర్నాడు. సబ్‌టైటిల్స్ లేవు, ఆపడం లేదు. నిన్న గోలగా వినబడింది ఇవాళ విడివిడి మాటలుగా వినబడుతుంటే ఆ ఆనందమే వేరు. ఎక్కడ ఇంకా మసకగా ఉందో కూడా ఇప్పుడే బయటపడుతుంది.

వెనక్కి వెళ్లడం తేలికగా లేకపోతే ఈ పని చేయబుద్ధి కాదు, కాబట్టి కీబోర్డ్ అలవాట్లు రెండు మూడు చేసుకోండి. యూట్యూబ్‌లో ఎడమ బాణం ఐదు సెకన్లు, జె కీ పది సెకన్లు వెనక్కి తీసుకెళ్తాయి, కె ఆపుతుంది, సి సబ్‌టైటిల్స్‌ని పెడుతుంది, తీస్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో షిఫ్ట్‌తో ఎడమ బాణం నొక్కితే మూడు సెకన్లు వెనక్కి వస్తుంది. సబ్‌టైటిల్స్ మాటకన్నా ముందో వెనకో పడుతుంటే జి, హెచ్ కీలతో సర్దొచ్చు. ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైల్ దొరికితే మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఎపిసోడ్ చూసేముందు దాన్ని ఒకసారి పైపైన చదివి, ఐదారు సార్లు వచ్చే తెలియని మాటల్ని ముందే చూసి పెట్టుకుంటే ఎపిసోడ్ ఎంత తేలికవుతుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఐదో అడుగు: ఏది రాసుకోవాలి, ఏది వదిలేయాలి

తెలియని మాటలన్నీ రాసుకోవాలనిపిస్తుంది. వద్దు. ఒక సన్నివేశానికి ఐదారు, మహా అయితే ఎనిమిది చాలు. రాసుకున్న మాటలు చూసుకోని మాటలుగా పేరుకుపోతే నోట్‌బుక్ తెరవడానికే భయమేస్తుంది.

ఎంచుకోవడానికి నాకు ముఖ్యంగా అనిపించే ప్రశ్న: ఈ మాట నేను ఎప్పుడైనా ఎవరితోనైనా అంటానా? ‘తాళాలు దొరకట్లేదు’ అంటాం. ‘ఫోరెన్సిక్ నివేదిక వచ్చిందా’ అనం. అదే షోలో రెండు మూడుసార్లు వినబడ్డ మాటకు మరో లెక్క లేకుండా చోటివ్వండి, అది మళ్లీ వస్తుంది. వాక్యంలో ఆ ఒక్క మాటే తెలియనిది అయితే ఇంకా మంచిది. మూడు తెలియని మాటలున్న వాక్యాన్ని ఎంత అందంగా ఉన్నా ప్రస్తుతానికి వదిలేయండి. కొన్నాళ్లకు అందులో రెండు తెలిసిపోతాయి, అప్పుడు తీసుకోవచ్చు.

మాటను ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. విన్న వాక్యం వాక్యంగా రాయండి. జర్మన్, ఫ్రెంచ్ నామవాచకాలైతే ముందున్న ఆర్టికల్‌తో సహా రాయాలి, లేకపోతే లింగం వేరేగా మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలై, ఒక ముక్క వాక్యం చివరికి పోతుంది. ‘మొదలుపెట్టు’ అనే అన్‌ఫాంగెన్ వాక్యంలో ఫాంగె ఒకచోట, అన్ మరోచోట ఉంటుంది. సబ్‌టైటిల్‌లో ఫాంగె ఒక్కదాన్నే చూసి రాసుకుంటే వేరే అర్థం వస్తుంది. వాక్యం చివరిదాకా చూసి రాయడమే దీనికి విరుగుడు.

ఎవరు ఎవరితో అన్నారో పక్కన ఒక్క ముక్క రాయండి: ‘బాస్‌తో’, ‘చిన్నప్పటి స్నేహితుడితో’, ‘తిడుతూ’. ఇది చిన్న విషయం కాదు. నువ్వు, మీరు తేడా పుట్టుకతో తెలిసిన మనకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. కొరియన్‌లో క్రియ చివర మారితే మర్యాదే మారిపోతుంది. జపనీస్ యానిమేలో కుర్రాళ్లు తమను తాము ఒరె అనీ, ఎదుటివాణ్ణి ఒమాఎ అనీ ధాటిగా అంటుంటారు. అవే మాటలు పరిచయం లేని మనిషితో అంటే అవమానించినట్టే. ముసలివాళ్లకూ, పల్లెటూరివాళ్లకూ, విలన్లకూ జపనీస్ కథల్లో ఒక కట్టుబాటు మాటతీరు ఉంటుంది, నిజజీవితంలో అలా మాట్లాడేవాళ్లు అరుదు. ఆ పాత్రభాషను ‘యాకువారిగో’ అనే పేరుతో సతోషి కిన్‌సుయ్ అనే భాషావేత్త వివరించాడు. పాత్ర ఎవరో రాసుకుంటే ఈ ఉచ్చులో పడరు.

ఆరో అడుగు: కార్డులు

మరుపు ముంచుకొచ్చే ముందు గుర్తుచేసుకోవడం, ప్రతిసారీ ఆ ఎడం పెంచుకుంటూ పోవడం: విరామ పునశ్చరణ అంటే ఇదే. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో కార్డుల పెట్టెతో దీన్ని జనంలోకి తెచ్చాడు. గుర్తొచ్చిన కార్డు తర్వాతి అరలోకి, రానిది మొదటి అరలోకి. కంప్యూటర్‌లో ఆ పని చేసే అంకి అనే సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్ యాప్‌కు డబ్బు కట్టాలి. అంకి ఇష్టం లేకపోతే కాగితపు కార్డులు, ఐదు కవర్లు చాలు.

కార్డు ముందువైపు విన్న వాక్యం, కొత్త మాట ఉన్నచోట ఖాళీ. పక్కన సన్నివేశం గుర్తొచ్చేలా రెండు మాటలు: ‘బ్యాగు వెతుకుతూ, విసుగ్గా’. వెనకవైపు పూర్తి వాక్యం, మాట మూలరూపం, తెలుగులో ఆ సందర్భానికి సరిపోయే అర్థం. డిక్షనరీలోని ఐదు అర్థాలూ ఎక్కించకండి, ఆ సన్నివేశంలో పనికొచ్చిన ఒక్కటే. మిగతావి వేరే సన్నివేశాల్లో ఎదురైనప్పుడు వేరే కార్డులవుతాయి. కుదిరితే ఆ వాక్యపు ధ్వని కూడా పెట్టండి. కంటితో గుర్తుపట్టే మాట చెవికి తెలియకుండా పోయే ప్రమాదం దానితో తప్పుతుంది.

అంకి మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు చూపిస్తుంది. మొదటి రోజుల్లో అది తక్కువే అనిపిస్తుంది. కొన్ని వారాలయ్యేసరికి పాత కార్డుల పునశ్చరణ రోజుకు వంద దాటిపోతుంది, చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. సెట్టింగ్స్‌లో కొత్త కార్డుల సంఖ్యను ఏడెనిమిదికి తగ్గించుకోండి. ఎనిమిదిసార్లు మరిచిపోయిన కార్డుకి అంకి లీచ్ (జలగ) అని గుర్తు పెడుతుంది. దానితో కుస్తీ పట్టకండి. తీసేసి, అదే మాట ఇంకో సన్నివేశంలో ఇంకో నోట వినబడినప్పుడు ఆ వాక్యంతో కొత్త కార్డు చేయండి. మొండి మాటలు చాలాసార్లు ఇలాగే లొంగుతాయి.

ఏడో అడుగు: నోటికి తెచ్చుకోవడం

వింటే తెలిసే మాటలు, నోటికొచ్చే మాటలు ఒకటి కావు. మొదటివి ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. రెండోవి పెరగాలంటే నటుడి వెంటే, అర సెకను వెనకగా, అదే స్వరంలో అంటూ పోవాలి. షాడోయింగ్ అంటారు దీన్ని. అప్పటికే నాలుగు చూపులూ అయిన సన్నివేశాన్నే దీనికి వాడండి. ఒక పాత్రను ఎంచుకోండి, మీ వయసుకీ స్వభావానికీ దగ్గరగా ఉన్నదైతే మంచిది. ఆ కోపం, ఆ విసుగు, ఆ బతిమాలడంతో సహా అనండి. సిగ్గుపడుతూ గొణిగితే నోరు తిరగదు.

తర్వాత ధ్వని తీసేసి, బొమ్మ మాత్రం పెట్టుకుని ఆ పాత్ర మాటలు మీరే చెప్పండి. ఆపైన వాక్యాన్ని కొంచెం మార్చండి. తాళాల బదులు ఫోన్, కారు బదులు వంటగది. నో ఎన్‌క్వెంత్రో అనే ముక్కకు మీ ఇంట్లో పోయే వస్తువులన్నీ తగిలించి చూడండి. ఒక్క వాక్యం పది వాక్యాలవుతుంది.

నమిలిన సన్నివేశాల ధ్వనిని నడుస్తూనో, ఇంటిపని చేసుకుంటూనో వినడం కూడా పనికొస్తుంది. అర్థం కాని భాషను వెనకాల మోగిస్తూ ఉంటే వచ్చేస్తుందన్నది మాత్రం నమ్మకండి. ముందు అర్థం చేసుకున్నదాన్ని మళ్లీ వింటేనే ఫలితం.

వారంలో ఎలా సర్దుకోవాలి

రోజుకు అరగంట నుంచి నలభై నిమిషాలు దొరికితే చాలు. అందులో పది నిమిషాలు కార్డులకు, అవి ముందే అయిపోవాలి. మిగతాది సన్నివేశానికి. వారానికి రెండు కొత్త సన్నివేశాలు, మిగతా రోజుల్లో పాతవాటి నాలుగో చూపు, షాడోయింగ్. వారాంతంలో ఒకరోజు అదే సిరీస్ ఎపిసోడ్‌ని ఏమీ రాసుకోకుండా, ఆపకుండా హాయిగా చూడండి. ఆ రోజు చాలా అవసరం. కార్డుల్లో చూసిన మాట అనుకోకుండా పాత్ర నోట వినబడేది అప్పుడే, ఆ తర్వాత ఆ మాటను మరిచిపోవడం కష్టం.

ఎదుగుదల రోజువారీగా కనబడదు. అందుకని మొదట్లోనే, ఇంకా చూడని ఒక ఎపిసోడ్ నుంచి రెండు నిమిషాల ముక్క పక్కన పెట్టి, సబ్‌టైటిల్స్ లేకుండా విని అర్థమైనంత రాసి తారీఖు వేసుకోండి. మూడు నెలల తర్వాత అదే ముక్క విని మళ్లీ రాయండి. కార్డుల సంఖ్య కన్నా ఈ రెండు కాగితాలే నిజం చెబుతాయి. రెండూ ఒకేలా ఉంటే సన్నివేశాలు మరీ కష్టమైనవి ఎంచుకుంటున్నారన్నా అయ్యుండాలి, కార్డులు తిప్పుతూ వినడం తగ్గించారన్నా అయ్యుండాలి.

సిరీస్ సగానికి వచ్చేసరికి సన్నివేశంలో రాసుకోదగ్గ మాటలు రెండుకో మూడుకో తగ్గిపోతాయి. అప్పుడు ఆపి ఆపి చూడటం మానేసి మిగతా ఎపిసోడ్లను మామూలుగా చూసేయండి. తర్వాతి సిరీస్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్కటే మార్చండి. దేశం అదే ఉంచి కథారంగం మార్చండి, లేదా రంగం అదే ఉంచి దేశం మార్చండి. మొదటి రెండు ఎపిసోడ్లకు మళ్లీ ఆ భాష సబ్‌టైటిల్స్ పెట్టుకుని, మూడో దాన్నుంచి తీసేసి ప్రయత్నించండి. ఏ పాత్ర మాట అందడం లేదో, ఆ పాత్ర ఉన్న సన్నివేశంతోనే తర్వాతి వారం పని మొదలుపెట్టండి.